మేదస్సు, వయస్సు, పురుషసత్త్వము: అరకు కొండల నుండి ఒక విచారము

(డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి సమర్పితమైన ఉపన్యాసము)



1895వ సంవత్సరమున భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, సముద్రములు దాటి హార్వర్డు వైద్యకళాశాలను చేరిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో గూడి 1927లో కండరములయందు ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును కనుగొనిరి. రెండేండ్లకు, కండరమునకు తత్క్షణశక్తి నొసగు ఏటీపీ యను ద్రవ్యమును వేరుపరచి చూపిరి. మనుష్యుడు గొడ్డలి యెత్తినను, కావడి మోసినను, కొండ యెక్కినను, ఆ క్షణమున అతని కండలలో వ్యయమగునది ఆ ద్రవ్యమే. 1948లో కన్నుమూసిన ఆ మహనీయుని స్మృతికి సమర్పించు ఈ ఉపన్యాసమునకు కండరమునే ఆధారముగా గైకొనుట నాకు ఉచితమని తోచినది. ఏలన, నేడు నేను ప్రస్తావింపదలచిన పురుష హార్మోను, అనగా టెస్టోస్టిరోను, ఎముకను గట్టిపరచి, రక్తమును వృద్ధి చేసి, కండను పెంచి, క్రొవ్వును అదుపులో నుంచునట్టిది. వయస్సుతో అది సన్నగిల్లునప్పుడు కండ తగ్గి క్రొవ్వు పెరుగును. క్రొవ్వు పెరిగినప్పుడు, వయస్సుతో నిమిత్తము లేకయే, అది సన్నగిల్లును.

సభలలో మాటాడుటకు సంకోచము కలిగించు విషయ మిది. నడివయస్సు దాటిన పురుషుడు తన దేహమున సత్తువ తగ్గినదని భార్యతో చెప్పుకొనడు, మిత్రునితో చెప్పుకొనడు, వైద్యునితో చెప్పవలసివచ్చినప్పుడు మోకాళ్ల నొప్పియనియో నిద్ర పట్టుట లేదనియో చెప్పి ఊరకుండును. ఆ మౌనము వలన లాభపడువారు గోడలమీద ప్రకటనలు వ్రాయించు వారును, పొట్లములలో పేరులేని చూర్ణములు విక్రయించు వారును మాత్రమే. కావున సంకోచమును విడిచి, మన తూర్పు కనుమలలోని గిరిజన పురుషుని నడుమ నిలుపుకొని ఈ విషయమును విచారింపవలెనని నా సంకల్పము. నేను చెప్పదలచినది మొదటనే చెప్పెదను: పురుషుని సత్త్వమును హరించునది వయస్సు ఒక్కటియే కాదు, అంతకంటె నెక్కువగా హరించునవి యౌవనమున కడుపులో మిగిలిన ఆకలియు, నడివయస్సున నడుముచుట్టు పేరుకొన్న క్రొవ్వును. ఒకనాడు ఈ రెండును వేర్వేరు మనుష్యులకు కలుగు కష్టములు; నేడు మన కొండలలో ఒకే మనుష్యుని జీవితమున ఒకదాని వెనుక నొకటి వచ్చుచున్నవి.

అరకులోయ సముద్రమట్టమునకు తొమ్మిదివందల మీటర్లకు పైగా ఎత్తున నున్నది. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి మండలములతో గూడిన ఈ కొండసీమ 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి పాడేరు ముఖ్యస్థానముగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు, కోందులు మొదలగు జాతులవారు తరతరములుగా ఇచ్చట కొండవాలులపై పోడు కొట్టి, చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, వలిసెలు పండించుకొని, అడవి దుంపలును వెదురు కొమ్ములును ఏరుకొని, చోడి అంబలితో పగళ్లు గడపుచు బ్రతికిరి. ఇచ్చటి పురుషుని దేహమును చూచిన పట్టణవాసి మొదట మెచ్చుకొనును: పలుచని పొట్ట, నరములు తేలిన ముంజేతులు, బరువుతో ఎక్కినను రొప్పని ఊపిరి. ఆ మెప్పులో సగము సత్యము, సగము అజ్ఞానము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యమున పోషకాహార పర్యవేక్షణ విభాగమువారు 2007–08లో తొమ్మిది రాష్ట్రముల గిరిజన ప్రాంతములలో జరిపిన పరిశీలనమున, వయోజనులైన పురుషులలో నూటికి సుమారు నలువదిమంది దీర్ఘకాలికశక్తిలోపముతో, అనగా దేహభార సూచిక 18.5కు లోబడి యున్నట్లు తేలినది. స్త్రీల స్థితి అంతకంటె కష్టము, దాదాపు సగముమంది. కావున గిరిజనుని సన్నదనము నంతటిని ఆరోగ్యమని కీర్తించుట న్యాయము కాదు. అందులో కొంత శ్రమ యిచ్చిన దార్ఢ్యము. కొంత ఆషాఢ శ్రావణములలో గింజలు నిండుకొన్న గాదె యిచ్చిన కార్శ్యము.

ఇక హార్మోను చరిత్ర. 1849లో గొట్టింగెను నగరమున ఆర్నాల్డు బెర్తోల్డు అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల వృషణములను తొలగించి, వానిని మరల ఉదరములో నాటి, వాడిపోయిన జుట్టు తిరిగి ఎఱ్ఱబారుటయు, పుంజు మరల కూయుటయు చూచెను. నరములతో సంబంధము లేకయే రక్తముద్వారా ఏదియో పదార్థము దేహమంతటికి సందేశమును చేర్చుచున్నదని ఆ ప్రయోగము తెలిపినది. మరుసటి యేడు లైడిగ్ అను జర్మను పండితుడు ఆ పదార్థమును పుట్టించు కణములను వర్ణించెను; అవి నేటికిని అతని పేరనే చెల్లుచున్నవి. 1889లో ప్యారిసునగరమున బ్రౌన్ సెకార్డు అను సుప్రసిద్ధ శరీరధర్మవేత్త, డెబ్బదిరెండేండ్ల వయస్సున, కుక్కల యొక్కయు గినీపందుల యొక్కయు వృషణరసమును తన దేహమున ఎక్కించుకొని, తనకు యౌవనబలము తిరిగి వచ్చినదని పండితసభలో ప్రకటించెను. ఆ రసములో హార్మోను లేశమాత్రమే యుండగలదని తరువాతి పరీక్షలు చెప్పినవి. ఆయనకు కలిగినది విశ్వాసబలము. అయినను ఆ ప్రకటనమును విని లోకము ఉఱ్ఱూతలూగినది. 1920 తరువాత వొరోనాఫ్ అను వైద్యుడు కోతుల గ్రంథులను ధనవంతులకు అతికి గొప్ప సంపద గడించెను. నిజమైన పదార్థము 1935లో చిక్కినది: ఆమ్‌స్టర్డామునగరమున లాకర్ బృందమువారు వంద కిలోల ఆబోతు వృషణముల నుండి పది మిల్లిగ్రాముల స్ఫటికములను తీసి దానికి టెస్టోస్టిరోను అని నామకరణము చేసిరి, అదే యేడు బూటెనాంట్, రుజిక్కా అనువారు వేర్వేరుగా దానిని రసాయనశాలలో నిర్మించిరి, 1939లో వారిరువురికి నోబెలు పారితోషికము ప్రకటింపబడినది.

మనవారు ఈ గ్రంథిరసము నెరుగకపోయినను స్థౌల్యమునకును పురుషసత్త్వక్షయమునకును గల సంబంధమును చక్కగా గుర్తించిరి. చరకసంహితలోని సూత్రస్థానమున అష్టౌనిందితీయమను నధ్యాయ మొకటి యున్నది. అందు చరకుడు అతిస్థూలునికి కలుగు దోషము లెనిమిదింటిని చెప్పుచు, ఆయుఃక్షయమును మొదట పేర్కొని, చురుకుదన ముడుగుటను, దౌర్బల్యమును, అతిగా చెమటపట్టుటను, ఆకలిదప్పుల ఆధిక్యమును చెప్పి, దాంపత్యమున కలుగు అశక్తతను గూడ స్పష్టముగా చేర్చినాడు. కారణమును గూడ చెప్పినాడు: అట్టివానియందు మేదస్సు ఒక్కటియే పోషింపబడుచుండగా తక్కిన ధాతువులు తగినంత పోషణము నొందవు. స్థూలుడు, కృశుడు ఇరువురును నిందితులే యైనను ఇరువురిలో కృశుడే మేలని ఆయన తీర్పు. ఈ తీర్పును నేను ఆధునిక ప్రయోగశాలా ఫలితములతో పోల్చి చూచిన ప్రతిసారియు, రోగిని కన్నులార చూచుటయందు మన పూర్వులకు గల శ్రద్ధకు నమస్కరింపక యుండలేకపోవుచున్నాను.

ఆధునికులు చెప్పునది యేమి? మెదడు అడుగున నున్న హైపోథలమసు పీయూషగ్రంథికి ఆజ్ఞ నిచ్చును. పీయూషగ్రంథి ఎల్‌హెచ్ అను స్రావమును రక్తములో విడుచును. అది లైడిగ్ కణములను ప్రేరేపింపగా అవి టెస్టోస్టిరోనును పుట్టించును. ఆ పుట్టిన దానిలో చాలభాగము రక్తములోని వాహక మాంసకృత్తులను అంటిపెట్టుకొని తిరుగును, కొద్దిభాగము మాత్రమే స్వేచ్ఛగా నుండి పనిచేయును. నలువదియవ యేటనుండి మొత్తము హార్మోను ఏడాదికి నూటికి ఒకటి చొప్పున, స్వేచ్ఛాభాగము అంతకంటె కొంత వేగముగాను తగ్గుచుండునని దీర్ఘకాల పరిశోధనలు చెప్పుచున్నవి. స్త్రీలకు ఋతువుడుగుటవలె ఇది ఒక వయస్సున ఆగిపోవునది కాదు. డెబ్బదియేండ్ల వృద్ధునికి సయితము సంతానము కలుగుట మన మెరిగినదే. యూరపులో ఎనిమిది నగరములలో నలువదినుండి డెబ్బదితొమ్మిదేండ్ల వరకు గల మూడువేలకు పైగా పురుషులను పరీక్షించి, హార్మోను లోపమును దానికి తగిన లక్షణములును కలిసియున్నవారిని మాత్రమే లెక్కించి 2010లో ప్రకటించిన పరిశోధనమున, అట్టివారు నూటికి ఇద్దరే తేలిరి. నలువదులలో వేయింటికి ఒక్కడు. డెబ్బదులలో నూటికి అయిదుగురు. వయస్సు మీరిన పురుషులందరికి ఈ వ్యాధి కలదని ప్రచారము చేయువారు ఈ లెక్కను ఎన్నడును చెప్పరు.

అట్లయిన నలువదియైదేండ్లకే సత్తువ సన్నగిల్లినదని వచ్చు పురుషులు ఇందరేల? అమెరికాలోని మసచూసెట్సు రాష్ట్రమున పురుషులను సంవత్సరముల తరబడి అనుసరించిన పరిశోధకులు ఒక కొలత చెప్పిరి: దేహభార సూచిక నాలుగైదు అంకములు పెరిగినచో హార్మోనునకు కలుగు నష్టము పదియేండ్ల వయస్సు మీదపడినదానితో సమానము. మేదస్సునందు అరోమటేసు అను ఎంజైము కలదు; అది టెస్టోస్టిరోనును స్త్రీ హార్మోనైన ఈస్ట్రడయాలుగా మార్చివేయును. పొట్ట పెరిగినవాని రక్తమున ఇన్సులిను అధికమై, వాహక మాంసకృత్తు తగ్గిపోవును. గురకతో నిద్ర చెడును. నిద్ర చెడినచో హార్మోను తగ్గును. 2011లో షికాగోలో ఆరోగ్యవంతులైన యువకులను వారమురోజులు రాత్రికి అయిదుగంటలే నిద్రింపనిచ్చి పరీక్షింపగా పగటి హార్మోను నూటికి పది మొదలు పదునైదు వరకు పడిపోయినది. హార్మోను తగ్గినకొలది కండ తగ్గి మేదస్సు పెరుగును. మేదస్సు పెరిగినకొలది హార్మోను తగ్గును. అయితే ఈ చక్రము వెనుకకును తిరుగును, ఇదే వైద్యునకు ఆశ నిచ్చునది: తన బరువులో పదవవంతు తగ్గించుకొన్నవానికి హార్మోను కొంతయు, శస్త్రచికిత్సచే పెద్దమొత్తమున తగ్గినవానికి మిక్కిలిగాను, ఏ ఇంజెక్షనును లేకయే తిరిగి పెరుగును. గడచిన వయస్సు తిరిగిరాదు. పెరిగిన పొట్ట తగ్గును.

ఇప్పుడు మన కొండలకు మరలి, వానివంటి యితర కొండలను అడవులను గూడ కలుపుకొని ఆలోచింతము. 2002లో పీటర్ ఎలిసన్ మొదలగు మానవశాస్త్రజ్ఞులు బోస్టను నగరవాసులను, కాంగో అరణ్యములోని లేసె రైతులను, నేపాలు కొండలవారిని, పరాగ్వే దేశపు ఆచే జనులను తీసికొని వారి లాలాజలమున ఈ హార్మోనును కొలిచిరి. యౌవనమున బోస్టనువాసులకు ఎక్కువ, తక్కినవారికి తక్కువ. కాని వయస్సు మీరినకొలది బోస్టనువాసుల మట్టము నిట్టనిలువుగా దిగజారినది, ఇతరులది అంతగా దిగలేదు. వార్ధక్యమున నాలుగు సంఘములవారును దాదాపు ఒకే మట్టమున కలిసికొనిరి. దీనిని బట్టి వయస్సుతో కలుగు పతనమని మనము పిలుచునది చాలవరకు సమృద్ధిగా తినుచు శ్రమ తగ్గించుకొన్న సంఘముల లక్షణమని తెలియుచున్నది. దేహము తనకు దొరకు ఆహారమును బట్టి హార్మోనును వ్యయము చేయును. తక్కువ తిండితో ఎక్కువ శ్రమించువాడు కండను పోషించుటకు అధికవ్యయము చేయలేడు గనుక మట్టము తగ్గించుకొని మనుగడ సాగించును. దానిని రోగమనుట పొరపాటు.

బొలీవియా అడవులలో పోడు చేసికొని బ్రతుకు చిమానే జనులను గూర్చి ఇంకను విశేషమైన సంగతి కలదు. వారి పురుషుల హార్మోను అమెరికనుల కంటె సుమారు మూడవవంతు తక్కువ. ప్రోస్టేటు గ్రంథి గూడ చిన్నది. అట్టివారు పోడుకొఱకు గంటసేపు చెట్లు కొట్టిన పిమ్మట పరీక్షింపగా హార్మోను నూటికి దాదాపు నలువదియేడు వంతులు పెరిగినది. ఫుట్‌బాలు ఆడినప్పుడు కలిగిన పెరుగుదల ముప్పది వంతులే. మరియు ఆ పెరుగుదల యువకునకును వృద్ధునకును ఒకే తీరున కలిగినది. నేను ఈ ఫలితమును చదివినప్పుడు మన పాడేరు కొండవాలులు నా కనులముందు నిలిచినవి. పోడు తగులబెట్టుటకు ముందు చెట్లు నరుకువాడు, వలిసెచేను దున్నువాడు, చైత్రమున ఇటుకల పండుగకు వేటకు పోవువాడు, కావడితో సంతకు దిగువాడు, వీరందరు ఏ వైద్యుడును వ్రాసి యీయని ఔషధమును నిత్యము సేవించుచుండిరి. దేహశ్రమ వయస్సును ఆపదు. కాని శ్రమకు ప్రతిస్పందించు శక్తి వయస్సుతో పోదని మాత్రము అది నిరూపించుచున్నది.

ఇచ్చట ఒక చిన్న మాట చేర్పవలెను. హార్మోను తగ్గినంతమాత్రమున పురుషుడు తక్కువవాడయ్యెనని తలచువారు ఫిలిప్పీను దీవులలోని సెబూ పరిశోధనమును తెలిసికొనవలెను. ఆరువందలకు పైగా యువకులను నాలుగేండ్లకు పైబడి అనుసరించిన ఆ పరిశోధకులు 2011లో ప్రకటించినదేమనగా, పెండ్లియాడి తండ్రులైనవారికి హార్మోను గణనీయముగా తగ్గినది; దినమునకు మూడుగంటలు, అంతకు మించియు బిడ్డల నెత్తుకొని ఆడించి సాకువారికి మట్టము తక్కినవారి కంటె తక్కువగా నుండినది. బిడ్డను భుజమున కెత్తుకొని సంతలో తిరుగు తండ్రిని మన కొండలలో చూడనివారు లేరు. ఆ తగ్గుదల కొఱత కాదు, ప్రకృతి చేసిన ఏర్పాటు.

ఆకలి సంగతి వేరు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను ఆచార్యుడు ముప్పదియారుగురు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులను ఇరువదినాలుగు వారములు సగము తిండితో నుంచగా వారి బరువు నాలుగవవంతు తరిగినది, కామేచ్ఛ అణగిపోయినది, ఉత్సాహ ముడిగినది, చలి ఎక్కువైనది. పస్తులున్న దేహము సంతానమును గూర్చిన ఆలోచననే పక్కకు నెట్టును. ఇది ప్రయోగశాలలో కొన్ని నెలలు జరిగినది. మన ఏజెన్సీలో కఱవు నెలలు ఏటేట వచ్చును, మలేరియా జ్వరములు వానితో కలిసి వచ్చును. పెరుగుచున్న బాలుని దేహముమీద వాని ముద్ర ఎంతటిదో ఊహించుట కష్టము కాదు. సెబూ యువకులయందే కనుగొన్నట్లు, పుట్టిన తొలి ఆరునెలలలో చక్కగా బరువు పెరిగిన శిశువు యౌవనమున పొడవును కండబలమును హార్మోనును అధికముగా పొందును. కావున పురుషసత్త్వమును గూర్చి చింతించువాడు మొదట చూడవలసినది పాలిచ్చు తల్లి కంచమును.

గడచిన నలువదియేండ్లలో ఈ కొండలలో జరిగిన మార్పు సామాన్యమైనది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలిని అది తగ్గించినదనుటలో సందేహము లేదు, దానిని తెచ్చినవారిని నిందించుట కృతఘ్నత. కాని చోళ్లును సామలును ఉండిన చోట తెల్లబియ్యము ఒక్కటియే మిగిలినది. తారురోడ్లు వచ్చినవి, వానివెంట మోటారుసైకిళ్లు వచ్చినవి. పోడు వాలులలో కాఫీ తోటలు లేచినవి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. గిరిజనుని చేతికి రొక్కము వచ్చినది, అది మంచిది. ఆశ్రమ పాఠశాలలో చదివి ఉపాధ్యాయుడో గుమాస్తాయో అయి పాడేరులో కాపురమున్న నలువదియైదేండ్ల గిరిజనుడు నేడు తన తండ్రి యెన్నడు నెరుగని పొట్టను మోయుచున్నాడు. అతడు గర్భమునను బాల్యమునను ఆకలిని చూచినవాడు. అట్టి దేహమున కండ తక్కువగాను, లోపలి అవయవములచుట్టు క్రొవ్వు సులభముగా చేరునదిగాను ఉండునని, పైకి సన్నగా కనుపించు భారతీయుని లోపల మేదస్సు అధికమని పూనాలోని యాజ్ఞిక్ వైద్యుడు ఏండ్ల తరబడి చూపుచు వచ్చినాడు. అందుచేతనే ఆసియావాసులకు సూచిక 23 దాటగానే జాగ్రత్త వహింపవలెననియు, మన పురుషునకు నడుము తొంబది సెంటీమీటర్లు మించరాదనియు నిర్ణయించిరి. 2023లో వెలువడిన భారత వైద్యపరిశోధన మండలివారి దేశవ్యాప్త పరిశీలనమున వయోజనులలో నూటికి దాదాపు నలువదిమందికి పొట్ట పెరిగి యున్నట్లును, పదునొకండుగురికి మధుమేహము కలదనియు తేలినది. మధుమేహము గల పురుషులలో హార్మోను తగ్గుట లోకమంతట కనుపించుచున్న సంగతి. దీనికి సారా తోడైనప్పుడు ఆపద ద్విగుణమగును. జీలుగుకల్లు పండుగనాడు నలుగురు పంచుకొనునదిగా ఉండగా, దుకాణపు సారా నిత్యకృత్యమైనది. మితిమీరిన మద్యము లైడిగ్ కణములను సూటిగా పాడుచేయును, కాలేయమును చెఱచి స్త్రీ హార్మోనును పెంచును.

ఈ స్థితిలో వ్యాపారి ప్రవేశించును. ఇంజెక్షనులు, జెల్లులు, పేరుతెలియని గుళికలు; వానిని కొనువాడు బరువు తూచుకొనడు, నడుము కొలుచుకొనడు, ఉదయము తీసిన రక్తమును పరీక్షింపనీయడు. ఈ హార్మోను ప్రాతఃకాలమున అధికముగా నుండి సాయంకాలమునకు తగ్గునట్టిది గనుక, మధ్యాహ్నము తీసిన ఒక్క రక్తపు చుక్కను జూచి లోపమని నిర్ణయించుట తప్పు. రెండు వేర్వేరు ఉదయముల పరీక్షలు తక్కువ చూపినప్పుడు మాత్రమే లోపమని అనవలెను. బయటినుండి ఎక్కించిన హార్మోను పీయూషగ్రంథిని నిద్రపుచ్చి వీర్యోత్పత్తిని ఆపివేయును. బిడ్డలు కావలెనని ఇంజెక్షను తీసికొన్న యువకుడు దానిచేతనే బిడ్డలకు దూరమగుట నేను చూచినాను. ఔషధమునకు గుణము లేదని నే ననను. ఆస్ట్రేలియాలో జరిగి 2021లో ప్రకటింపబడిన పరీక్షయందు, పొట్ట పెరిగిన వేయిమందికి ఆహారవ్యాయామ శిక్షణతో పాటు రెండేండ్లు ఈ హార్మోను నిచ్చిన సగముమందిలో మధుమేహము తగ్గినది. కాని వారిలో అయిదవవంతునకు పైగా పురుషుల రక్తము ప్రమాదకరముగా చిక్కబడినది. అమెరికాలో అయిదువేలకు పైగా పురుషులతో జరిగి 2023లో ప్రకటింపబడిన పరీక్షలో గుండెపోట్లు పెరుగలేదు, కాని గుండెలయ తప్పుటయు, ఊపిరితిత్తులకు రక్తపుగడ్డలు పోవుటయు ఎక్కువైనవి. ఇట్టి మందును సంతలో అమ్మరాదు.

నిజముగా ఈ మందు కావలసినవాడు మన కొండలలో ఒకడున్నాడు. అతనిని గూర్చి ఎవ్వరును ప్రకటనలు వేయరు. సికిల్‌సెల్ రక్తహీనత గిరిజన ప్రాంతములలో ఎక్కువగా నున్న వ్యాధి. దాని నిర్మూలనకై 2023 జూలై 1న మధ్యప్రదేశములోని షాడోలులో జాతీయ ఉద్యమము ప్రారంభమైనది. ఆ వ్యాధి గల బాలుడు ఎదుగుదలలో వెనుకబడును, అతనికి యౌవనము ఆలస్యముగా వచ్చును. మాటిమాటికి రక్త మెక్కించుటవలన దేహమున చేరు ఇనుము పీయూషగ్రంథిలో నిలిచి దాని పనిని చెఱచును. పదునేడేండ్లు వచ్చియు గొంతు మారక, మీసము రాక, తోటివారి నడుమ తలవంచుకొని తరగతిలో కూర్చుండు ఆ పిల్లవానిని నేను ఈ కొండలలో చూచితిని. ఏబదియేండ్ల ధనవంతుని పొట్టకు ఖర్చగు హార్మోనులో స్వల్పభాగము, సరియైన పరీక్షతో, సరియైన వైద్యుని చేతిమీదుగా అతనికి చేరినచో అతని బ్రతుకు మారును. అతనిని ఎంచి పట్టుకొనుటకు పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. ఆశ్రమ పాఠశాలలో ఏటేట పొడవును బరువును వ్రాయు పుస్తకమును, దానిని చదువు ఒక ఆరోగ్యకార్యకర్తయు చాలును.

కావున ఈ సభ ద్వారా నేను కోరునవి కొద్దివే. ఏజెన్సీ రేషను దుకాణములలో బియ్యముతో పాటు ఇచ్చటి చేలలోనే పండిన చోళ్లును సామలును ఏడాది పొడవున ఇప్పింపుడు. కొనునది మన కొండరైతు వద్దనే కొనుడు. వారపు సంతలో రక్తపోటు చూచు చోట ఒక కొలతటేపును గూడ ఉంచి, నలువదేండ్లు దాటిన ప్రతి పురుషుని నడుమును కొలువుడు. నడుము తొంబది సెంటీమీటర్లు దాటినవానికి మందు చెప్పుటకు ముందు తిండిని, నిద్రను, సారాను గూర్చి అడుగుడు. గర్భిణికిని బాలింతకును కంచము నిండునట్లు చూడుడు. పొట్లము అమ్మవచ్చినవానిని ఊరిలోనికి రానీయకుడు. వైద్యవిద్యార్థులారా, మీలో కొందరైనను పాడేరుకో చింతపల్లికో వచ్చి పనిచేయుడు. అచ్చట సికిల్‌సెల్‌తో ఎదుగుదల నిలిచిన బాలురు మీకొఱకు ఎదురుచూచుచున్నారు.